అధికారము ఎవరిచ్చినది? – తిరుపతి, చిత్తూరు దారిలో కొన్ని తలంపులు



అధికారమునకు లోబడాలి అనే మాట సంఘములో వినబడగానే మనలో రెండు రకాల మనుషులు లేస్తారు. ఒకరు "అవును, పెద్దల మాట వినాల్సిందే" అంటారు. మరొకరు "ఏ పెద్దలు? వాళ్ళు చేసేది చూశారా?" అని అడుగుతారు. ఇద్దరి చేతుల్లోనూ బైబిలే ఉంటుంది. మొదటివారు రోమా పత్రిక 13వ అధ్యాయము తెరుస్తారు. రెండవవారు అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము తెరచి, మనుషుల ఆజ్ఞకంటె దేవుని ఆజ్ఞ గొప్పదని పేతురు సభ ముందర నిలబడి చెప్పిన చోటు చూపిస్తారు. రెండు అధ్యాయములూ దేవుని వాక్యమే గదా. ఒకదానితో మరొకదాని నోరు మూయించడము ధర్మము కాదు. రెంటినీ కలిపి చదవడము మనము నేర్చుకోవాలి.

మొన్న చలికాలములో మా సంఘము నుండి పదకొండు మందిమి ఒక వ్యాను మాట్లాడుకొని, మూడు దినములు తిరుపతి, చంద్రగిరి, మదనపల్లె, చిత్తూరు చూచి వచ్చాము. రాయలసీమ దక్షిణపు కొనలో సువార్త ఎలా వేరూనినదో కళ్ళారా చూడాలని బయలుదేరాము. కాని దారి పొడవునా మా మాటలు అధికారము చుట్టూనే తిరిగాయి. దానికి కారణము వ్యానులోనే ఉన్నది. మా పెద్దలలో ఇద్దరు వియ్యంకులు. కాపరి బదిలీ విషయములో చెరొక వర్గములో చేరి, పద్నాలుగు నెలలుగా వారికి మాటలు లేవు. ఒకాయన డ్రైవరు పక్కన కూర్చుంటే, ఇంకొకాయన వెనుక సీటులో కిటికీ దగ్గర కూర్చున్నాడు. మధ్యలో మేము.

తిరుపతి: కొద్దిమందిగా ఉన్నచోట

తిరుపతి అనగానే దేశమంతటికీ ఏడుకొండలు గుర్తుకు వస్తాయి. ఆ ఊరిలో క్రైస్తవులు కొద్దిమందే. అయినా సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘమునకు కేంద్రము ఈ ఊరే. ఆ సంఘపు వేరు జర్మనీలో హెర్మన్స్‌బర్గ్ అనే చిన్న ఊరిలో ఉన్నది. అక్కడ లుడ్విగ్ హార్మ్స్ అనే పాదిరిగారు 1849లో ఒక మిషను స్థాపించారు. ఆ మిషను తరపున ఆగస్ట్ మైలియస్ అనే దైవజనుడు 1860లలో మన దక్షిణ తెలుగు సీమకు వచ్చి, సూళ్ళూరుపేటలో పని మొదలు పెట్టారు. అక్కడ నుండి ఆ సేవ నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతములకు పాకినది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. నిన్నటిదాకా దొరలు దొరలుగా గౌరవించిన జర్మను మిషనరీలు ఒక్కసారిగా శత్రు దేశస్థులైపోయారు. బ్రిటిషు ప్రభుత్వము మన దేశములోని జర్మను మిషనరీలలో అనేకులను అహ్మద్‌నగర్ వంటి శిబిరములలో నిర్బంధించినది. 1915, 1916 సంవత్సరములలో 'గోల్కొండ' అనే ఓడ మీద చాలామందిని కుటుంబములతో సహా ఐరోపాకు పంపివేసినది. యుద్ధము తరువాత అమెరికాలోని ఒహాయో సినడుకు చెందిన లూథరనులు ఈ సీమలో సేవను చేపట్టారు.

ఈ సంగతి చెప్పుకుంటూ మేము ఆగిన ప్రశ్న ఇది. ఏ నేరమూ చేయకుండా, పుట్టిన దేశము కారణముగా శిబిరములో కూర్చున్న సేవకునికి రోమా 13 ఎలా వినబడి ఉంటుంది? పౌలు ఆ పత్రిక వ్రాసినది మంచి రాజు కాలములో కాదని జ్ఞాపకము చేసుకోవాలి. అప్పుడు రోములో ఏలుతున్నవాడు నీరో. అధికారము దేవుని వలన కలుగుతుందని చెప్పినప్పుడు, అధికారి చేసే ప్రతి పనీ దేవునికి ఇష్టమేనని పౌలు చెప్పలేదు. అధికారము అనే ఏర్పాటు దేవునిది, దానిని పట్టుకున్న చెయ్యి మాత్రము మనిషిది. చేతిలో తప్పు ఉన్నదని ఏర్పాటునే పారవేయరాదు. ఏర్పాటు దేవునిదని చేతి తప్పును మెచ్చుకోనూ రాదు.

బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా వ్రాసిన ఉత్తరము 29వ అధ్యాయములో ఉన్నది. మిమ్మును చెరపట్టి తెచ్చిన ఆ పట్టణము క్షేమము కొరకే ప్రార్థించండి, దాని క్షేమములోనే మీ క్షేమము ఉన్నది అన్నది దాని సారాంశము. తిరుపతిలో మేము కలుసుకున్న విశ్వాసులు ఈ మాటను అక్షరాలా పాటించేవారు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనము టోకెన్ల కొరకు వచ్చిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. ఆ రాత్రి తమ ఇంటి ప్రార్థనలో ఆ కుటుంబముల కొరకు, ఆసుపత్రిలో ఉన్నవారి కొరకు, ఊరి అధికారుల కొరకు కన్నీటితో ప్రార్థించామని ఒక అమ్మగారు చెప్పారు. "వాళ్ళు మన మతము కాదు గదా అని అడుగుతారేమో. మన ఊరివాళ్ళు గదమ్మా" అన్నారామె. 1 తిమోతి 2వ అధ్యాయములో రాజుల కొరకు, అధికారుల కొరకు ప్రార్థించమన్నప్పుడు, విశ్వాసులైన అధికారుల కొరకు మాత్రమే అని పౌలు షరతు పెట్టలేదు.

చంద్రగిరి: చేతులు జోడించిన రాజులు

తిరుపతికి చంద్రగిరి దగ్గరే. కొండ పాదములో కోట, కోటలో మూడంతస్తుల రాజమహలు, పక్కనే రాణిమహలు. రాజమహలులో ఇప్పుడు పురావస్తు శాఖవారి మ్యూజియము ఉన్నది. 1565లో తళ్ళికోట యుద్ధములో విజయనగరము కూలిన తరువాత రాజధాని పెనుకొండకు, అక్కడ నుండి చంద్రగిరికి మారినది. 1586 నుండి 1614 వరకు ఏలిన వెంకటపతిరాయలు ఇక్కడ కొలువు తీరాడు.

ఈ రాజు కాలములోనే, 1590ల చివరలో, జెసూయిట్ గురువులు చంద్రగిరికి వచ్చారు. రాజు వారిని మన్నించి, చర్చి కట్టుకొనుటకు అనుమతి ఇచ్చాడు. వారిలో ఫ్రాంచెస్కో రిచియో అనే గురువు మన తెలుగు భాష నేర్చుకున్నాడు. చిత్రకళ తెలిసిన ఒక సహోదరుడు రాజు కొరకు క్రీస్తు జీవితములోని ఘట్టములను చిత్రించాడు. రాజు తన విశ్వాసము మార్చుకోలేదు, గురువులూ తమది దాచుకోలేదు. ఒకరినొకరు గౌరవించుకున్నారు. రాజును సన్మానించమని 1 పేతురు 2వ అధ్యాయములో చదివినప్పుడు మనకు వెంటనే క్రైస్తవ రాజు తలపుకు వస్తాడు. పేతురుకు తెలిసిన రాజులలో ఒక్కడైనా క్రైస్తవుడు లేడు.

మా గుంపులో చరిత్ర పాఠము చెప్పే మాస్టారు ఒకరున్నారు. ఆయన చెప్పిన ఒక సంగతి మా మనస్సులో నిలిచిపోయినది. తిరుమల ఆలయములో శ్రీకృష్ణదేవరాయలు తన ఇద్దరు రాణులతో కలిసి నిలిచిన లోహ విగ్రహములు ఉన్నవి. వెంకటపతిరాయల విగ్రహము కూడా ఉన్నది. వీరు కత్తి దూసి నిలబడలేదు, సింహాసనము మీద కూర్చోలేదు, చేతులు జోడించి నిలబడి ఉన్నారు. మన విశ్వాసము వేరైనా ఇందులోని తెలివిని గుర్తించవచ్చు. తనకు పైన ఒకరున్నారని ఎరిగినవాడే తన కింది వారిని సరిగా ఏలగలడు. మత్తయి 8వ అధ్యాయములో కపెర్నహూములోని శతాధిపతి యేసుప్రభువు ముందు చెప్పుకున్నది కూడా ఇదే. తన కింద సైనికులున్నారని చెప్పేముందు, తాను మరొకరి అధికారము కింద ఉన్నవాడినని అతడు చెప్పుకున్నాడు. ప్రభువు అతని విశ్వాసమునకు ఆశ్చర్యపడ్డాడు.

మా సంఘములలో గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడుతున్నవి. కాపరి తన పైన ఎవరూ లేరన్నట్టు మాట్లాడతాడు. కమిటీవారు తమ పైన ఎవరూ లేరన్నట్టు తీర్మానములు చేస్తారు. చేతులు జోడించడము మరచిన చోట చేతులు కలబడడము మొదలవుతుంది.

ఒక మూటలో దాగిన రాజకుమారుడు

చంద్రగిరి కోట మెట్ల మీద కూర్చొని పులిహోర పొట్లాలు విప్పుకుంటూ మాస్టారు చెప్పిన కథ మిగిలిన భాగము విన్నాము. ఇది కట్టు కథ కాదు. మనువేల్ బర్రాదాస్ అనే జెసూయిట్ గురువు 1616 డిసెంబరులో కొచ్చిను నుండి వ్రాసిన లేఖలో ఉన్నది.

1614లో వెంకటపతిరాయలు వేలూరులో చనిపోయేముందు తన అన్న కుమారుడైన శ్రీరంగరాయలకు రాజ్యము అప్పగించాడు. కాని ఒక రాణి తోబుట్టువైన జగ్గరాజు దానికి ఒప్పుకోలేదు. ఆ రాణి కొడుకుగా పెంచిన పిల్లవాడిని గద్దె మీద కూర్చుండబెట్టి, శ్రీరంగరాయలను భార్యాబిడ్డలతో సహా చెరలో పెట్టాడు. పెద్ద పెద్ద నాయకులు వెళ్ళి ఆ కొత్త గద్దెకు దండము పెట్టారు. వెలుగోటి యాచమ నాయకుడు మాత్రము పోలేదు. రాజు బట్టలు ఉతికే ఒక రజకుని సహాయముతో, బట్టల మూటలో దాచి, శ్రీరంగరాయల రెండవ కుమారుడైన రాముని చెరలో నుండి బయటికి తెప్పించాడు. ఆ పిల్లవానికి అప్పుడు పన్నెండేళ్ళు. కొంత కాలమునకు చెరలో ఉన్న ఆ కుటుంబమంతా హతమైపోయినది. మూటలో వచ్చిన పిల్లవాడే మిగిలాడు. తరువాత తోపూరు యుద్ధములో జగ్గరాజు చనిపోయాడు, రాముడు రాజయ్యాడు. అయితే ఆ అంతర్యుద్ధముతో విజయనగర రాజ్యము మరల కోలుకోలేదు.

కథ ముగిసాక చాలాసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. చివరికి మాతో వచ్చిన ఒక పెద్దమ్మ అన్నది: "రాజ్యము ఎవురిదో తేలే లోపల రాజ్యమే లేకుండా పోయింది కదయ్యా!" వియ్యంకులిద్దరూ తల వంచుకొని తింటున్నారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. జగ్గరాజు అధికారమును దేవుడిచ్చేది అనుకోలేదు, లాక్కోవలసినది అనుకున్నాడు. దావీదు అలా అనుకోలేదు. అతడు సౌలు చేత తరుమబడి ఏన్గెదీ గుహలో దాగి ఉండగా సౌలే అతని చేతికి చిక్కాడు. పక్కనున్న మనుషులు ఇదే దేవుడిచ్చిన సమయమని ఎగదోశారు. దావీదు అతని మీద చెయ్యి వేయలేదు. రాజ్యము తనకేనని సమూయేలు చేత అభిషేకము పొందినవాడై యుండియు, దానిని అందుకొనుటకు దేవుని గడియ కొరకు కనిపెట్టాడు.

రెండవ సంగతి తరచుగా మనము మరచిపోతాము. దావీదు సౌలును గౌరవించాడు గాని, ఈటె విసిరే సౌలు ఎదుట కూర్చొని ఉండలేదు. తప్పించుకొని పోయాడు. దూరములో నిలబడి, నీవు చేయుచున్నది అన్యాయమని సౌలు ముఖము మీదనే చెప్పాడు. యాచమ నాయకుడు, పేరు తెలియని ఆ రజకుడు కూడా ఒక పిల్లవాడిని కత్తి కిందనుండి తప్పించారు. కాబట్టి, దెబ్బలు తినే భార్యతో "భర్తకు లోబడు, ఇంటికి పో" అని చెప్పడము, అన్యాయమునకు గురైన పిల్లతో "సేవకుని గూర్చి మాట్లాడరాదు" అని నోరు నొక్కడము ఈ వాక్యమును బోధించడము కాదు, దాని చాటున పాపమును దాచడము. ఈటె వచ్చే చోటునుండి తప్పించుకొనుట అవిధేయత కాదు. తప్పించి కాపాడుట సంఘము బాధ్యత.

మదనపల్లె: కాదన్నవారు ఇద్దరు

రెండవ దినము భాకరాపేట ఘాటు ఎక్కి, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె చేరాము. టమోటాల ఊరు గనుక దారి పొడవునా లారీలు. 2022 వరకు చిత్తూరు జిల్లాలోనే ఉన్న ఈ ఊరికి 1863లో జేకబ్ చేంబర్లేన్ అనే అమెరికా వైద్య మిషనరీ వచ్చి స్థిరపడ్డారు. తెలుగు బైబిలు సవరణ పనిలో కూడా ఆయన పాలుపంచుకున్నారు.

ఈ ఊరు అధికారమును కాదన్న ఇద్దరిని గుర్తు చేస్తుంది. మొదటివారు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో ఇక్కడే పుట్టారు. దివ్యజ్ఞాన సమాజమువారు ఆయనను లోకగురువుగా నిలబెట్టాలని ఒక సంఘము కట్టి, వేలాది మందిని చేర్చారు. 1929లో ఆయన ఆ సంఘమును తానే రద్దు చేసి, ఆత్మ విషయములలో ఏ గురువూ ఏ అధికారమూ పనికిరాదని ప్రకటించారు. తనకు దక్కిన పదవిని, ఆస్తులను విడిచిన ఆయన నిజాయితీని మనము తక్కువ చేయనక్కరలేదు. గురువులు మనుషులను పట్టుకొని కట్టివేయడము ఆయన దగ్గరనుండి చూశారు. ఆ భయము నిజమైనది. మన మధ్యను కూడా దేవుని పేరు చెప్పి మనుషులను తమకు బానిసలుగా చేసుకునేవారు ఉన్నారు.

అయితే క్రీస్తు చూపిన దారి వేరు. మత్తయి 20వ అధ్యాయములో యాకోబు, యోహానుల తల్లి వారి కొరకు కుడి ఎడమల స్థానములు కోరినప్పుడు, పదవులే ఉండకూడదని ఆయన చెప్పలేదు. లోకములో అధికారులు జనముల మీద పెత్తనము చేసినట్టు మీలో ఉండరాదనీ, గొప్పవాడు కాగోరువాడు పరిచారకుడు కావలెననీ బోధించాడు. బోధించడముతో ఊరుకోక, తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగాడు. ఆ రాత్రి ఆయన తన ప్రభుత్వమును వదులుకోలేదు, దానిని ఎలా వాడాలో చూపించాడు.

రెండవవారు రవీంద్రనాథ్ ఠాగూరు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రాంతికి వచ్చి ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోనికి అనువదించారు. ఆ కళాశాలలోని మార్గరెట్ కజిన్స్ సహాయముతో పాటకు స్వరము కూర్చబడినది. మన పిల్లలు బడిలో నిటారుగా నిలబడి దేశమునకు చూపే గౌరవములో ఈ ఊరికి కూడా భాగమున్నది. ఆ తరువాత రెండు నెలలు తిరగక ముందే ఏప్రిల్ 13న అమృతసర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. మే నెలాఖరులో ఠాగూరు తనకు ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదును వదులుకొంటూ వైస్రాయికి ఉత్తరము వ్రాశారు. రాయి విసరలేదు, దూషించలేదు. మర్యాదగా, పేరు పెట్టి, సంతకము చేసి, ఈ గౌరవము నాకు వద్దు అన్నారు.

ఆయన మన విశ్వాసి కాకపోయినా, కాదనే పద్ధతిని ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. దానియేలు కూడా అంతే. ప్రార్థన మానమన్న శాసనమునకు లోబడలేదు, కిటికీలు తెరిచే ప్రార్థించాడు. కాని సింహముల గుహలో నుండి రాజు పిలిచినప్పుడు అతని నోట వచ్చిన మొదటి మాట రాజు క్షేమము కోరే మాట. దేవునికి లోబడుటకై అధికారిని కాదనవలసి వస్తుంది. అప్పుడు కూడా గౌరవము విడువనక్కరలేదు, శిక్ష తప్పించుకొనుటకు చీకటి దారులు తొక్కనక్కరలేదు.

ఆరోగ్యవరము: ఎవరి మేలు కొరకు?

మదనపల్లెకు దగ్గరలోనే ఆరోగ్యవరము. క్షయ రోగము పేరు చెబితేనే ఇంటినుండి గెంటివేసే కాలములో, 1912లో పలు మిషనులు కలిసి ఇక్కడ క్షయ చికిత్స ప్రారంభించాయి. 1915లో శానిటోరియము ఆరోగ్యవరమునకు మారినది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. ఇప్పుడది ఆరోగ్యవరం మెడికల్ సెంటరు.

క్షయకు మొదటి సరియైన మందు స్ట్రెప్టోమైసిన్. దానిని కనుగొన్నది 1943లో. అంతకు ముందు ముప్పయ్యేళ్ళు ఇక్కడి వైద్యులకు ఉన్న ముఖ్యమైన సాధనములు మూడే: మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. పడుకోమంటే పడుకోవాలి, లేవవద్దంటే లేవకూడదు. అంటే ఆ రోజుల్లో రోగికి విధేయతే వైద్యములో సగము. అక్కడి చెట్ల నీడలో నిలబడినప్పుడు రోమా 13లోని నాలుగవ వచనము మాకు కొత్తగా అర్థమైనది. అధికారి నీ మేలు కొరకు దేవుని పరిచారకుడని అక్కడ పౌలు చెబుతున్నాడు. డాక్టరు పడుకోమనేది తన పరువు కొరకు కాదు, రోగి ఊపిరితిత్తుల కొరకు. దేవుడు ఒకరికి అధికారమిచ్చేది ఆ అధికారము కింద ఉన్నవారి బ్రతుకు కొరకే.

ఈ కొలతతో ప్రతి అధికారమును కొలవవచ్చు. కింద ఉన్నవారు "ఇది ఎవరిచ్చినది?" అని అడుగుకొని గౌరవించాలి. పైన ఉన్నవారు "ఇది ఎవరి మేలు కొరకు ఇచ్చినది?" అని అడుగుకొని వణకాలి. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయములో నాయకులకు లోబడమని చెప్పిన వచనములోనే, ఆ నాయకులు మీ ఆత్మలను గూర్చి లెక్క అప్పజెప్పవలసినవారని కూడా ఉన్నది. మొదటి సగము కాపరులు కంఠస్థము చేస్తారు, రెండవ సగము విశ్వాసులు కంఠస్థము చేస్తారు. ఇద్దరూ వచనమంతా నేర్చుకుంటే సగము తగవులు ఉండవు.

చిత్తూరు: కోర్టు వాకిట

మూడవ దినము పుంగనూరు, పలమనేరు మీదుగా చిత్తూరుకు దిగాము. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రము చిత్తూరే. ఆ సంవత్సరము ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడినది. అంతకు చాలా ముందే, 1853లో స్కడ్డర్ సహోదరులు ఆర్కాటు మిషనును ఏర్పరచినప్పుడు, చిత్తూరు వారి తొలి కేంద్రములలో ఒకటి. వేర్వేరు మిషనుల పంటయైన సంఘములు తమ తమ పెత్తనములు తగ్గించుకొని 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైనప్పుడు, ఈ సీమ విశ్వాసులు కూడా అందులో చేరారు. ఎవరి అధికారము వారు గట్టిగా పట్టుకొని ఉంటే ఆ దినము వచ్చేది కాదు.

కోర్టు దగ్గర వ్యాను ఆగినది. ముందు సీటులోని పెద్దాయన ఆపించాడు. ఆయన సంచిలో ఒక ఫైలు ఉన్నదని అప్పుడు మాకు తెలిసినది. తెలిసిన వకీలుకు చూపించి, బదిలీ మీద స్టే తేవచ్చునేమో అడగాలని ఆయన ఉద్దేశము. 1 కొరింథీ 6వ అధ్యాయమును ఆయనకు మేము చదివి వినిపించనక్కరలేదు, ఆయనే సండే స్కూలులో బోధించాడు. కోర్టు కూడా దేవుడు ఉంచిన అధికారమే. నేరము జరిగినప్పుడు, బలహీనునికి వేరే దిక్కు లేనప్పుడు దాని తలుపు తట్టడము పాపము కాదు, పౌలే కైసరుకు చెప్పుకున్నాడు. కాని మన అలకలను, పంతములను ఆ వాకిట పరచడము వేరు.

అప్పుడు వెనుక సీటులోని వియ్యంకుడు దిగి వచ్చాడు. "బావా, నువ్వు అడిగే లెక్కలు న్యాయమే. రెండేండ్ల లెక్క సంఘములో చదవలేదు. అది నేనూ అడగతా. కొత్త అయ్యగారిని రానీకుండా గేటుకు తాళమెయ్యడము మాత్రము న్యాయము కాదు" అన్నాడు.

పెద్దాయన చాలాసేపు ఫైలు కొసలు సర్దుకుంటూ నిలబడ్డాడు. "లెక్కలు చదివిస్తావా?" అని అడిగాడు.

"ఇద్దరమూ పోయి అడగదాము. అడిగినా చదవకపోతే, పైవాళ్ళకు ఇద్దరి సంతకాలతో రాద్దాము."

అంతకంటె ఎక్కువ ఏమీ జరగలేదు. ఒకరినొకరు కౌగిలించుకోలేదు. ఫైలు సంచిలోకి తిరిగి పోయినది. తిరుపతి దారిలో ఇద్దరూ మధ్య సీటులో కూర్చొని, మనుమరాలి చదువు గూర్చి రెండు మాటలు మాట్లాడుకున్నారు. తరువాతి నెలలో సంఘము ముందర లెక్కలు చదివారు. కొన్ని రసీదులు దొరకలేదని కోశాధికారి నిలబడి చెప్పవలసి వచ్చినది. గేటు తాళము తీశారు. వర్గములు పూర్తిగా పోలేదు గాని, రెండు వర్గములవారూ ఒకే బల్ల దగ్గర సంస్కారము తీసుకుంటున్నారు.

మన ఇండ్లలో

ఇంటిలో ఉన్న అధికారమునకు కూడా ఈ రెండు ప్రశ్నలే సరిపోతాయి. ఎఫెసీ 6వ అధ్యాయములో పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలని చెప్పి, వెంటనే తండ్రులు పిల్లలకు కోపము రేపవద్దని చెప్పాడు పౌలు. ఒక తండ్రి రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసును తిడుతూ, ఆదివారము మధ్యాహ్నము భోజనము దగ్గర కాపరిని ఎగతాళి చేస్తూ, పిల్లవాడు తన మాట వినాలని కోరుకుంటే ఎలా? పిల్లవాడు నేర్చుకున్న పాఠమే తిరిగి అప్పజెబుతున్నాడు. అలాగే, ఎప్పుడూ క్షమాపణ అడగని తండ్రి, ఏ ప్రశ్నకూ జవాబు చెప్పని కాపరి, లెక్క చూపని కమిటీ, తమకు పైన దేవుడున్నాడని మాటలతో చెబుతారు గాని బ్రతుకుతో చెప్పరు.

పిలాతు ముందర బంధింపబడి నిలిచిన ప్రభువు, అతని అధికారము కూడా పైనుండి వచ్చినదేనని యోహాను 19వ అధ్యాయములో చెప్పాడు. ఆ మాటలో గౌరవమున్నది, గద్దింపు కూడా ఉన్నది. నీకు ఇచ్చినవాడు ఉన్నాడు గనుక నిన్ను గౌరవిస్తున్నాను. నీకు ఇచ్చినవాడు ఉన్నాడు గనుక నీవు లెక్క చెప్పాలి.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో మీ మీద అధికారము కలిగినవారి పేర్లు ఒక కాగితము మీద వ్రాసుకోండి: మీ కాపరి, మీ పంచాయతీ సర్పంచు, మీ పిల్లల బడి టీచరు, మీ పనిచోటులోని అధికారి. ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థించండి. తరువాత కాగితము తిప్పి, మీ అధికారము కింద ఉన్నవారి పేర్లు వ్రాయండి: మీ పిల్లలు, మీ ఇంట పనిచేసే అమ్మ, మీ పొలములో కూలికి వచ్చేవారు, మీ కింది ఉద్యోగులు. ఆ పేర్లు కూడా దేవుని ఎదుట చదవండి. ఒక కాగితమునకు రెండు ప్రక్కలూ ఉన్నట్టే మనలో ప్రతివారికీ ఈ రెండు ప్రక్కలు ఉన్నవి. రెండింటి మీదా ఒకే ప్రభువు ప్రభువై యున్నాడు. ఆమేన్.